మాత్ర వేసుకున్న అరగంటకు

చెల్లెలి జబ్బు తగ్గడానికి ఛాతీలోని గ్రంథి తీసే ఆపరేషన్‌కు సంచి సర్దుతూ మాత్రల సీసాను అన్నిటికన్నా పైన పెట్టాను. నరం పంపే కబురును అందుకునే తలుపులు చెల్లెలి కండరాల్లో చాలావరకు పాడైపోయాయి. అందుకే రెప్పలు వాలిపోయేవి, మాట ముద్దయ్యేది. ఈమధ్య ఊపిరీ బరువైంది. మాత్ర వేసుకుంటే ఆ కబురు మోసే పదార్థం త్వరగా విరిగిపోకుండా, మిగిలిన తలుపులనే మళ్లీ మళ్లీ తడుతుందని పుస్తకంలో చదివాను. కాబట్టి మా పోట్లాటలన్నీ మాత్ర వేసుకున్న అరగంటకు మొదలై, మూడు గంటల్లో ముగిసేవి.

"నా ఆకుపచ్చ పట్టుచీర ఏది?" అంది, మాత్ర మింగి.

"ఆసుపత్రికి పట్టుచీరా? డాక్టరుతో పెళ్లిచూపులేమిటే?"

"అరగంట ఆగవే అక్కా, నీ సంగతి చెప్తా."

ఇద్దరం గడియారం ముందు కూర్చున్నాం. రెప్పలు లేచాయి, వాటితోపాటు నోరూ లేచింది. చిన్నప్పుడు నేను దాని జడ కత్తిరించిన నేరంతో మొదలుపెట్టి నా వంటదాకా వచ్చింది. నవ్వు ఆపుకోలేక సంచి మీద పడ్డాను, సర్దిందంతా నేలపాలైంది. అది కూడా నవ్వింది, పెదవులు రెండు చివరలా పైకి లేచేలా.

ఆసుపత్రిలో తోడు ఒక్కరినే ఉండనిస్తారని, నన్ను ఇంట్లోనే ఉండమని, దాని మొగుడు తనే తీసుకెళ్లడానికి టాక్సీ తెచ్చాడు.

"సగమే తిట్టాను. మిగతాది వచ్చాక," అంది చెల్లెలు.

"మాత్ర వేసుకుని మరీ రా."

చెల్లెలు తిరిగి రాలేదు. ఆ వారమే, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలోనే పోయింది.