పెండ్లిపిల్ల పసుపు

సీమకు పోతూ ఓ తెల్లదొర అగ్గువకు అమ్మిన నాలుగు తలుపుల పందెం కారును దర్జీ లతీఫ్ ఏళ్లుగా సాకుతున్నాడు. చిరిగిన సీట్లు తానే కుట్టుకుంటాడు, లారీల పాత సామాను తెచ్చి బిగించుకుంటాడు. భార్య రుఖయ్యా ఆ కారుకు పెట్టిన పేరు సవతి.

ఆ రోజు ఆమె చెల్లెలి కూతురికి పసుపు రాసే వేడుక. దంచిన పసుపు డబ్బా ఒళ్లో పెట్టుకుని రుఖయ్యా నిజామాబాదు నుంచి బోధన్‌కు కారెక్కింది. సగం దారిలో రేడియేటర్ కారి, కారు పొగలు కక్కుతూ ఆగిపోయింది.

"ఎడ్లను కట్టాల్నా, లతీఫ్ భాయ్?" చెరుకు బండ్లవాళ్లు నవ్వారు. ఇంజను చల్లారేలోగా బస్సొచ్చింది. కిటికీలోంచి పక్కింటి రషీదా చెయ్యూపుతూ పోయింది.

రుఖయ్యాకు ఒళ్లు మండింది. సవతిని తిడితే తాను తిట్టాలి గానీ, నవ్వడానికి వీళ్లెవరు?

"పసుపేస్తే కారుడు ఆగుతదంటివి గదా?" అని మొగుడినడిగింది.

"గది పెండ్లిపిల్లది!"

ఆమె వినలేదు. సగం డబ్బా రేడియేటర్‌లో ఒంపి, కాలువ నీళ్లు పోయించింది. కారడం ఆగింది. ఊరూరా ఆగే బస్సును బోధన్ పొలిమేరలో దాటేశారు. ఈసారి చెయ్యూపింది రుఖయ్యా.

పెండ్లింట్లో చెల్లెలు డబ్బా తెరిచి, "సగమే ఉన్నదేందక్కా?" అంది.

"సగం నా సవతికి పెట్టిన. రేపు పిల్లను అత్తగారింటికి తీస్కపోయేది గదే!"