ముందు వరుసలో ఏడ్చే మనిషి

సినిమాల్లో పెద్దాయన పోతే శవం చుట్టూ కూర్చుని గుండెలు బాదుకునే ఆడవాళ్లను చూసే ఉంటారు. వాళ్లలో ముందు వరుస మనిషి భూలక్ష్మి. తెనాలి వైపు నుంచి వచ్చి, హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉంటూ, ఏళ్ల తరబడి ఎవరెవరి కోసమో ఏడ్చింది. గ్లిజరిన్ అడిగిన పాపాన పోలేదు. ఆమె బతుకంతా సహకళాకారుల సంఘం ఇచ్చిన కార్డు మీదే. కార్డు లేనివాళ్లను షూటింగ్ గేటు దగ్గరే ఆపేస్తారు. అది పోతుందేమోనన్న భయం ఆమెను నిద్రలో కూడా వదిలేది కాదు.

అంతలో సంఘానికి ఎన్నికలొచ్చాయి. అధ్యక్షుడు ప్రభాకర్ మళ్లీ నిలబడ్డాడు. ఎదురు తిరిగినవాళ్ల కార్డులు పీకెయ్యడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఆయన మీద పోటీకి దిగిన వెంకటనర్సయ్యకు తెలంగాణ ఓట్లున్నాయి గానీ కోస్తా ఓట్లు లేవు. తన ప్యానెల్‌లో ఉపాధ్యక్ష పదవికి అటువైపు మనిషి, అందులోనూ జనానికి కన్నీళ్లు తెప్పించే మనిషి కావాలని లెక్కవేసి, నేరుగా భూలక్ష్మి గదికి వచ్చాడు.

పులి నోట్లో తల పెట్టలేనందామె.

"ఫికర్ చెయ్యకు చెల్లె. కార్డు తియ్యాలంటే అధ్యక్షుడొక్కడు చాలడు. ఉపాధ్యక్షుని సంతకం గూడ ఉండాలె. గిప్పుడున్నాయన కండ్లు మూసుకొని పెడుతుండు. గా కుర్సీల నువ్వే గూసుంటే నీ కార్డు ఎవడు తీస్తడు?"

ఆ మాటకే పడిపోయింది పిచ్చిది.

నామినేషన్ వేసిన మర్నాటి నుంచి ఆమె ఫోన్ మోగలేదు. పొద్దున్నే ఆర్టిస్టులను ఎక్కించుకునే వ్యాను దగ్గరికి వెళ్తే, పక్క గది సుబ్బులు కూడా మొహం తిప్పుకుని ఎక్కేసింది. భూలక్ష్మి ఒక్కతే గదికి తిరిగొచ్చింది.

ఫిల్మ్ నగర్‌లో రెండు ప్యానెళ్లకూ కలిపి ప్రచార సభ పెట్టారు. ఏం చెప్పి ఏడవాలో వెంకటనర్సయ్య ముందే వల్లె వేయించాడు. తీరా మైకు ముందుకొస్తే, ఎదురుగా మొదటి కుర్చీలో కాలు మీద కాలేసుకుని ప్రభాకర్ నవ్వుతున్నాడు. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. కన్నీళ్లు సైతం రాలేదు.

"నాకు భయంగా ఉందండీ. ఓడిపోతే నా కార్డు తీసేస్తారు. నేను పోటీ చెయ్యను, నన్ను వదిలెయ్యండి" అంది, చేతులు జోడించి.

ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు. ఎంత బాగా చేసిందోనని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. నటన కాదని ఎంత మొత్తుకున్నా, అదీ నటనే అనుకున్నారు. నటులతో వచ్చిన చిక్కే అది.

ఒక్కో పదవికీ ఓటు వేరు. భూలక్ష్మి అందరికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచింది. వెంకటనర్సయ్య ఓడిపోయాడు. ప్రభాకరే మళ్లీ అధ్యక్షుడు.

ఓడిన మనిషి వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గరికొచ్చి, నీ కార్డుకైతే ఫికర్ లేదిక చెల్లె అని నవ్వి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. ఈలోగా ప్రభాకర్ ఆమె మెడలో దండ వేసి, ఫొటోల కోసం పక్కన నిలబడి, నెమ్మదిగా చెప్పాడు.

"రేపు ఆఫీసుకు రామ్మా. మొదటి సంతకం వెంకటనర్సయ్య కార్డు తీసెయ్యడానికి. పెడతావుగా?"

సభలో రాని కన్నీళ్లు ఇప్పుడొచ్చాయి. చూసినవాళ్లు ఆనందమనుకున్నారు. పెట్టనని చెప్పడానికి భూలక్ష్మి నోరు తెరిచింది. ఆ మాట రాకముందే తల సరేనన్నట్టు ఊగింది.