మా మేనేజరు గారు

బాక్సింగ్ టైటిల్ మూడోసారి నిలబెట్టుకున్న మర్నాడు పొద్దున్నే, చేతులకు చుట్టుకునే పట్టీలూ మా ఆయన చొక్కాలూ ముందేసుకుని ఉతుకుతున్నాను. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పై పెదవి చీలింది. అత్తగారు వచ్చి నా మొహంకేసి చూసి, ఓ పది రోజులు గడప దాటకమ్మా అంది. "మావాడు కొట్టాడనుకుంటారు."

నవ్వొచ్చి పెదవి మళ్ళీ చిట్లింది. ఆవిడ కొడుకు నన్ను ఎప్పుడూ కొట్టలేదు, పాపం. సీసా మూత గట్టిగా ఉంటే నా చేతికిచ్చే మనిషి. ఆయన పని మాట్లాడటం. పెళ్ళికి ముందు గ్లౌజులు అమ్మే షాపులో సేల్స్‌మన్. పెళ్ళయిన ఏడాదికి, నేను వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచాక, బయటివాళ్ళని నమ్మడమెందుకని తనే నా మేనేజరయ్యారు. మెడలో కార్డు వేసుకుని రింగు పక్కన కుర్చీలో కూర్చుంటారు. గెలిస్తే విలేకరులతో, "ఆరో రౌండులో మేం కాస్త వెనకబడ్డాం, తర్వాత పుంజుకున్నాం" అంటారు. పదకొండేళ్ళలో ఒక్కసారే ఓడిపోయాను. ఆ రోజు మాత్రం, "నువ్వు ఎడమచెయ్యి దించేశావు" అన్నారు.

మ్యాచ్‌కి ముందు బరువు తూచే రోజు సంగతి కూడా చెప్పాలి. బరువు మించకూడదని ముందురోజు నుంచి చుక్క నీళ్ళు ముట్టను. నాలుక అట్టముక్కలా అంగిట్లో అతుక్కుపోతుంది. మొన్న అలాంటి పొద్దునే లేచి, ఇంటిల్లిపాదికీ వండి, ఆయనకి టీ కలిపిస్తే ఒక గుక్క తాగి, పంచదార తగ్గింది, మనసు ఎక్కడ పెట్టావు అన్నారు. ఎక్కడ పెడతాను, తూకం మీద. అలా అనుకుంటూనే ఇంకో చెంచా వేసిచ్చాను. రింగులో ఎదుటిమనిషి భుజం కదిలితే చాలు, దెబ్బ ఎటునుంచి వస్తుందో చెప్పేస్తాను. ఇంట్లో మాత్రం పదకొండేళ్ళు ఊరికే నిలబడి మాటల దెబ్బలు తిన్నాను. అది తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీదే నాకు రోత.

ఆ పట్టీలు ఉతికిన రోజు మధ్యాహ్నం ఒక హోటల్ హాల్లో విలేకరుల సమావేశం. నన్ను సవాలు చేసిన ఇరవై రెండేళ్ళ అమ్మాయితో తర్వాతి మ్యాచ్ ప్రకటిస్తారనుకుని వెళ్ళాను. పొద్దున గడప దాటొద్దన్న అత్తగారు, నా మొహానికి నల్లకళ్ళద్దాలు తగిలించి మరీ వెంట వచ్చి ముందు వరసలో కూర్చుంది. నాకు ఈ ఆట నేర్పిన కోచమ్మ, నన్ను చూడగానే ఆ అద్దాలు తీసి తన సంచీలో పడేసింది.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "మేం బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాం. ఛాంపియన్‌గా ఉండగానే ఆట నుంచి తప్పుకుంటున్నాం. ఇక పిల్లలు, సంసారం."

చప్పట్లు కొట్టారు. అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. అంటే ఆవిడకి ముందే తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే. నా చేతులకీ, నా కడుపుకీ, నా ముప్పై మూడేళ్ళ వయసుకీ కలిపి తల్లీకొడుకులు కూర్చుని తీర్మానం చేసేశారన్నమాట. ఆ సమయానికి నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతూ ఉండుంటాను. కోపం తెచ్చుకున్నవాళ్ళు రింగులో ఓడిపోతారు, అందుకని కోపం తెచ్చుకోలేదు. ఆయన మొహంలో ఆ తృప్తి చూస్తూ, ఇంత చిన్న మనిషి కోసమా నేను ఇన్నాళ్ళూ ఒదిగి ఒదిగి నడిచింది అనుకున్నాను.

వెనక నుంచి ఒక విలేకరి అమ్మాయి లేచి, ఛాంపియన్ గారు మాట్లాడితే బాగుంటుందంది. ఆవిడ మాట్లాడే స్థితిలో లేదని మా ఆయన నవ్వుతూ జవాబిచ్చారు. నేను చెయ్యి చాచాను. అందరికీ ఓ నమస్కారం పెడుతుందిలే అనుకుని మైకు ఇచ్చారు.

"రిటైరవుతున్న మాట నిజమే," అన్నాను. "నేను కాదు, మా మేనేజరు గారు. కూర్చుని కూర్చుని బాగా అలిసిపోయారు. ఆ అమ్మాయితో మ్యాచ్ ఉంటుంది. తేదీ కోచమ్మ చెబుతారు."

కోచమ్మ అప్పుడే డైరీ తీసింది. మా ఆయన నవ్వు చెదరకుండా నా చెవి దగ్గరికి వంగి, ముందు ఇంటికి పద, అక్కడ మాట్లాడుకుందాం అన్నారు.

మైకు ఆయన నోటి దగ్గరికి జరిపాను.

"ఇక్కడే చెప్పండి. అందరూ వింటారు."