ఆపరేషన్ అయినంక మాట్లాడ్త

సిరిసిల్లలో సాంచెల షెడ్డులోకి మొదటిసారి వచ్చినవాళ్లు చెవులు మూసుకుంటారు. అన్ని మరమగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు కదిపి మాట్లాడుకుంటారు, చూసి అర్థం చేసుకుంటారు. మా బాపు బాలమల్లు సాంచెలు నడిపేవాడు, నన్ను కన్న అవ్వ బాలలక్ష్మి అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. పొద్దంతా ఆ మూల నుంచి ఈ మూలకు వాళ్లు చప్పుడు లేకుండా తిట్టుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు. అన్నం గిన్నె తీసుకుపోయే నాకు సగం సగమే అర్థమయ్యేది. నా గురించే ఏదో అనుకుంటున్నారని మూతి ముడుచుకునేదాన్ని.

షెడ్డు బయట మాత్రం బాపుది పెద్ద గొంతు. వీధి మొదట్లోనే "అవ్వా" అని పిలిస్తే, కళ్లు కనబడని మా బాపమ్మ భూమవ్వ ఇంట్లో మంచం మీద లేచి కూర్చునేది. ఆమెకు కొడుకంటే ఆ గొంతే. మొహం చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు.

ఆ గొంతే బొంగురుపోయింది. ఎంతకీ తగ్గకపోతే కరీంనగర్ తీసుకుపోయాం. క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ అన్నారు.

బాపు బాగా భయపడ్డాడు. ఆస్పత్రి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు ఊరికే తిరిగేవాడు. అన్నం ముద్ద చేత్తో పట్టుకుని తినడం మరిచిపోయేవాడు. పక్క మంచాలవాళ్లు వింటారని, అవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని పెదవులతోనే తన భయమంతా చెప్పుకునేవాడు. అట్లా చెప్పుకున్నాక కొంచెంసేపు కళ్లు మూతపడేవి. ఒక్కటి మాత్రం పైకే అడిగేవాడు.

"గొంతుకేమన్న అయితదా?"

"జర బొంగురు వోతది. మల్ల వస్తది. ఫికర్ జెయ్యకు," అనేది అవ్వ.

అది అబద్ధం. పెద్ద డాక్టరు ఆమెను గదిలోకి పిలిచి ముందే చెప్పాడట. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ఊపిరి ఇక మెడకు పెట్టిన రంధ్రంలోంచే, తర్వాత మిషను పెట్టుకుని కొంత మాట్లాడొచ్చుగానీ ఈ గొంతు మాత్రం ఉండదు అని. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని కూడా అడిగాడట. "నేనే చెప్త సార్," అని బయటికొచ్చింది. చెప్పలేదు. మా షెడ్డులోనే నాగయ్యకు ఈ రోగమొస్తే, మాట పోతుందని తెలిసి ఆపరేషన్ వద్దన్నాడు, చచ్చిపోయాడు. "మాట లేకుంట బతుకేంది, మంచి పనే చేసిండు," అని అప్పుడు బాపే అన్నాడు. ఆ మాట అవ్వ మనసులో ముల్లులా దిగిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నన్ను కూడా నమ్మలేదు మహాతల్లి.

ఆపరేషన్ ముందురోజు బాపమ్మ పక్కింటి చంద్రవ్వతో ఫోన్ చేయించింది.

"ఏడి నా కొడుకు? ఒక్కసారి ఇయ్యి, మాట్లాడ్త."

బాపు అడ్డంగా చెయ్యి ఊపాడు. "ఇప్పుడు మాట్లాడితె నాకు ఏడుపొస్తది. నేనేడిస్తె మా అవ్వ పరేషానయితది. ఆపరేషన్ అయినంక మంచిగ మాట్లాడ్తనని చెప్పు."

అవ్వ ఫోను ఆయన వైపు చాచింది. "మాట్లాడరాదు, ఒక్క మాట," అంది.

"అయినంక అని చెప్పిన గద!" అని బాపు కసురుకున్నాడు.

అవ్వ చాలాసేపు ఆయననే చూసింది. చివరికి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "నిద్రవోయిండు అత్తమ్మా," అంది. ఫోను పెట్టేసి మొహం గోడవైపు తిప్పుకుంది. ఆపరేషన్ భయమేమో అనుకున్నాను నేను.

ఆపరేషన్ బాగా జరిగింది, గడ్డ మొత్తం తీసేశామన్నారు. తెలివి వచ్చాక బాపు నన్ను పిలవబోయాడు. మెడ దగ్గరి గొట్టంలోంచి గాలి బుస్సుమంది, అంతే. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ గాలే. బెదిరిపోయి అవ్వ కోసం వెతికాడు. పెదవులు కదిపి, గొంతెప్పుడొస్తుందని ఆమెను అడిగాడు.

ఈసారి అవ్వ అబద్ధం ఆడలేదు. షెడ్డులో లాగే చప్పుడు లేకుండా, "రాదు" అంది.

"నీకు ముందే ఎరుకేనా?"

ఆ ప్రశ్న నాకూ అర్థమైంది. అవ్వ తల ఊపింది.

బాపు కళ్లు మూసుకున్నాడు. పెదవులతో మాట్లాడుకునేవాళ్లలో ఒకరు కళ్లు మూసుకుంటే రెండోవాళ్ల మొహం మీద తలుపు వేసినట్టే. ఆ తర్వాత అవ్వ ఎదురుగా వచ్చినప్పుడల్లా అదే చేశాడు. ముక్కు గొట్టంలో పాలు నేను పోశాను. మెడ రంధ్రం శుభ్రం చేయడం నర్సు దగ్గర నేను నేర్చుకున్నాను. అవ్వ మంచం కాళ్ల దగ్గర కూర్చునేది. ఆయన బతికాడు, ఆమె కోరుకున్నది అదే. నాకు ఆమె మీద కోపమూ జాలీ కలిసే వచ్చేవి. ఏది ముందు చూపించాలో తెలియక గొట్టాలు కడుగుతూ ఉండేదాన్ని.

గాయం మానింది. మెత్తటి అన్నం మింగడం అలవాటైంది. మెడకు పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తీసుకొచ్చాం.

బాపమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "పడుకున్నడు" అనే చెప్పుకొచ్చింది అవ్వ. బాపు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయన చెయ్యి తడిమి, భుజం తడిమి గుర్తుపట్టింది.

"వచ్చినవా కొడుకా! గింతగనం చిక్కిపోయినవేందిరా?"

బాపు పెదవులు కదిలాయి.

"పలుకవేందిరా? నా మీద కోపమొచ్చిందా?"

బాపు ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆస్పత్రి తర్వాత మొదటిసారి అవ్వ మొహంలోకి చూశాడు. ఏదో అన్నాడు. ఆయనకు వేరే దారి లేదు, ఆ మాటలు పూర్తిగా చదవగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

"మంచిగున్ననవ్వా, నువ్వు రంది పెట్టుకోకు అంటుండు అత్తమ్మా," అంది అవ్వ.

"నువ్వు ఊకో బిడ్డా. వాన్ని చెప్పనియ్యి."

అవ్వ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "ఆయనకు ఇగ గొంతు రాదత్తమ్మా. నాకు ముందుగాలనే ఎరుక. చెప్తె ఆపరేషన్ వద్దంటడని చెప్పలే. గా దినం నీ ఫోనొస్తె, తర్వాత మాట్లాడ్తనన్నడు. గప్పుడు గూడ నేను చెప్పలే."

బాపమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొడుకు చెంపలు తుడుస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"దవఖానకు పోయేనాడు వీడు నాతోని ఏదో అన్నడు బిడ్డా. ఏమన్నడో యాదికొస్తలేదు. మీకెవ్వలికన్న యాదికున్నదా?"

అవ్వ నా వైపు చూసింది. నేను బాపు వైపు చూశాను. ఆయనకూ గుర్తు లేదు.