ముడుచుకునే లెన్సు

పాత లెన్సుల పిచ్చి బాన్సువాడ మొత్తంలో నాకొక్కడికే ఉంది. పెళ్లి ఫోటోలు తీసి స్టూడియో నడుపుకునేవాడికి, మా నాన్న పుట్టినప్పటి రేంజ్‌ఫైండర్ రీలు కెమెరాల లెన్సులెందుకని నా భార్య సౌజన్య అడుగుతూనే ఉంటుంది. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టుమన్నట్టున్నది నీ పని" అంటుంది. ఆమెకు అన్నీ గాజుబిళ్లలే. నాకేమో ఒకే లెన్సును కంపెనీ రెండు రకాలుగా చేసిందంటే, వాటిలో ఏది మేలో తేలేదాకా అన్నం సహించదు.

కోటగిరిలో ప్రభుదాస్ అనే పాత ఫోటోగ్రాఫర్ చనిపోయాడని, ఆయన సామాను అమ్ముతున్నారని తెలిసి బండి తీశాను. ఆయన భార్య సుజాతవ్వ గడపలో కూర్చుని గుడ్డమూట విప్పింది. ఒకే లెన్సు, రెండు రకాలూ ఉన్నాయి. మొదట వచ్చినది వాడనప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. తర్వాత వచ్చినది ముడుచుకోదు, బరువెక్కువ. రెండింటి లోపలి అద్దాలూ ఒకటేనని కొందరు, కాదని కొందరు ఇంటర్నెట్లో కొట్టుకు చస్తుంటారు. ఆ తగువు నేనే తీరుస్తాననుకున్నాను.

"గట్టిది పెండ్లిండ్లకు. గీ ముడుసుకునేది పోయినోళ్లకు" అంది అవ్వ.

మా దగ్గర మనిషి పోతే కుర్చీలో కూర్చోబెట్టి ఆఖరి ఫోటో తీయించుకునే ఇళ్లున్నాయి. నాకూ పిలుపులొస్తాయి. ప్రభుదాస్ ఆ పనికి ఒక లెన్సును వేరుగా ఉంచుకున్నాడన్నమాట. దాని ఫోకస్ రింగు ఐదడుగుల దగ్గర బిగుసుకుపోయి ఉంది. పోయినవాళ్లు కదలరు, ఫోటో తీసేవాడు నిలబడే దూరం మారదు. ఇక రింగు తిప్పే పనేముంటుంది? గ్రీజు అక్కడే ఎండిపోయింది.

"గట్టిది ఒక్కటే ఇస్తవా అవ్వా?"

"జోడీ ఇడగొట్ట. పట్టుకపో. కానీ దాంతోని బతికున్నోళ్లను తియ్యకు కొడుకా. చెట్టు తీయి, గోడ తీయి."

"అట్లనే" అన్నాను. మాట్లాడుతున్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు. బేరంలో గట్టి మనిషి అనుకున్నాను.

మర్నాడు పొద్దున నిజంగానే గోడతో మొదలుపెట్టాను. మధ్యలో ఒక రింగు బిగిస్తే ఈ పాత లెన్సులు ఇప్పటి డిజిటల్ కెమెరాకు పడతాయి. ఇటుకలు తీశాను, జామచెట్టు తీశాను. రెండు లెన్సులూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. అయినా గోడకు చూపుంటుందా, చర్మముంటుందా? లెన్సు గుణం తెలియాలంటే ముఖం కావాలి. మా వర్షకు నాలుగేళ్లు. దాన్ని తెచ్చి వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టాను. ముందు గట్టి లెన్సుతో తీశాను, తర్వాత ఐదడుగుల దూరంలో నిలబడి ముడుచుకునేదానితో తీశాను. పిల్ల కుదురుగా ఉంటే కదా! నవ్వింది, నాలుక బయటపెట్టి వెక్కిరించింది, మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది.

సాయంత్రం స్టూడియోలో ఆ ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. గట్టి లెన్సు తీసినవాటిలో వర్ష కళ్లు నిగనిగలాడుతున్నాయి. ముడుచుకునేది తీసిన ప్రతి ఫోటోలోనూ కళ్లు మూసుకుని ఉన్నాయి. నవ్వుతోంది, కళ్లు మూసుకుని ఉన్నాయి. వెక్కిరిస్తోంది, కళ్లు మూసుకుని ఉన్నాయి. మీట నొక్కేటప్పుడు కెమెరా తెర మీద నేను చూశాను. తెరిచే ఉన్నాయి.

అంతలో సౌజన్య ఫోన్ చేసింది. "వర్ష లేస్తలేదు. నీళ్లు సల్లినా లేస్తలేదు. జల్ది రా."

దవాఖానలో అన్నీ చూశారు. జ్వరం లేదు, ఊపిరి బాగుంది, నిద్రపోతోందంతే అన్నారు. తెల్లవారినా అది లేవలేదు. నేను కోటగిరికి పరుగెత్తాను.

సుజాతవ్వ నన్ను చూడగానే అడిగింది. "ఎవరిని తీసినవ్?"

"నా బిడ్డను."

ఆమె తిట్టలేదు. లోపలికి తీసుకెళ్లి గోడ మీది ఫోటో చూపించింది. కొత్త పెళ్లికూతురు. ముఖమంతా ఫోటో, కళ్లు మాత్రం కుంచెతో దిద్దినవి. "ఆయన గూడ నీ లెక్కనే. రెండింట్ల ఏది మంచిగొస్తదో సూస్తనని నన్ను కూసోవెట్టిండు. మూడొద్దులు లేవలె నేను. ఇగ ఏం తోచక ఫోటో మీద మూసుకున్న కండ్లను కుంచెతోని తెరిసిండు. లేసిన."

"మా వర్ష గూడ లేస్తదా అవ్వా?"

"లేస్తది. కంప్యూటర్ల కాదు, కాయితం మీద చెయ్యితోని తెరువాలె." ఫోటో మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "కానీ ఇగ పండుకోదు. నేను పండుకోక యాభై ఏండ్లాయె."

అప్పుడు అర్థమైంది ఆ రెప్పల సంగతి.

"ఫోటో మీద మళ్ల మూస్తే?"

"మూస్తే మూసినట్టే, ఇగ లేసుడు లేదు. మూయుమని ఆయనను ఎన్నిసార్లు అడిగిన్నో. కాళ్లు మొక్కిన. పాణంగ సూసుకునేటోడు, చెయ్యి రాలె."

దవాఖానకు వచ్చి సౌజన్యకు అంతా చెప్పాను. పిచ్చి ముదిరిందని అంటుందనుకున్నాను, అనాలనే కోరుకున్నాను. ఆమె వర్ష చెయ్యి వదలకుండా అంది. "నిద్ర లేకుంటె లేకపాయె. నా బిడ్డను లేపు."

నాలుక బయటపెట్టిన ఫోటో ప్రింటు తీసి, సన్నటి కుంచెతో కళ్లు దిద్దాను. ఎడమ కంట్లో చిన్న గోధుమరంగు చుక్క ఉంటుంది, అదీ మరిచిపోలేదు. రెండో కన్ను పూర్తవుతుండగా ఫోన్ మోగింది. వర్ష లేచి మంచినీళ్లు అడిగిందట. స్టూడియోలో కూర్చుని పెద్దగా ఏడ్చాను.

అది జరిగి ఎండాకాలం, వానాకాలం గడిచాయి. లెన్సులు రెండూ బీరువాలో ఉన్నాయి, ఏది మేలో నేనెవరికీ చెప్పలేదు. ఆ ప్రింటును చించడానికి భయం, దాచడానికి భయం, అందుకే అద్దం వేయించి గోడకు తగిలించాను. బడిలో మధ్యాహ్నం పిల్లలంతా పడుకుంటే మా వర్ష ఒక్కతే కూర్చుని వాళ్లను చూస్తూ ఉంటుందని టీచరమ్మ చెప్పింది.

నిన్న బడి నుంచి వచ్చి నా ఒళ్లో కూర్చుంది. గోడ మీది ఫోటో వంక చాలాసేపు రెప్ప వేయకుండా చూసింది. నేనే దిద్దానని దానికెవరూ చెప్పలేదు.

"నాన్నా, అలిసిపోయిన" అంది. "నా కండ్లు మళ్ల ఎప్పుడు మూస్తవ్?"