చాకలి తొట్టి లేచిన ఆదివారం

రోజ్‌విత రోజూ పొద్దున్నే పసుపుపచ్చ సైకిలెక్కి ఊరంతా ఉత్తరాలు పంచేది. రైన్ నది మీంచి వచ్చే పొగమంచులో ఆమె గంట గణగణమంటే చాలు, లాంగెన్‌బాహ్ ఊళ్ళో కిటికీ తెరలు తొలగేవి. ప్రతి కవరులోనూ ఎవరిదో గుండె కొట్టుకుంటోందని ఆమె నమ్మకం. కానీ ఆ జనవరిలో ఒక కవరు మాత్రం చేతికి రాయిలా చల్లగా తగిలింది. అది చిన్నప్పుడు తనకి రంగులు నేర్పిన ఆన్నెగ్రెట్ టీచరమ్మకి చర్చి నుంచి వచ్చింది.

టీచరమ్మ గుమ్మంలోనే చదువుకుంది. "తీసేశారే పిల్లా," అంది మెల్లగా. "ఈస్టర్ దాకానే నా ఉద్యోగం."

చిన్నపిల్లల బడిని నడిపేది చర్చి. జీతాలు మాత్రం ఊరి పన్నుల్లోంచే. మొదటి మొగుడితో విడిపోయిన టీచరమ్మ తేనెటీగలు పెంచే వెండెలిన్‌ని పెళ్ళి చేసుకుంది. రెండో పెళ్ళి చర్చి నియమాలకి సరిపడదు. ఉత్తరం కింద ఫాదర్ కిలియన్ సంతకం ఉంది.

ఆ ఉత్తరాన్ని తన చేత్తోనే ఇచ్చానన్న బాధ రోజ్‌వితని నిద్రపోనివ్వలేదు. కార్నివాల్ సభలో మాట్లాడతానని పేరిచ్చేసింది.

ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే తపస్కాలం మొదలయ్యేలోపు ప్రతి ఏడూ ఆ సభ జరుగుతుంది. గంటల టోపీలు పెట్టుకుని పదకొండు మంది పెద్దలు వేదిక మీద కూర్చుంటారు. మధ్యలో ఒక పాత చాకలి తొట్టి ఉంటుంది. అందులో నిలబడి ఎవరైనా ఎవర్నైనా పద్యాలతో ఉతికేయొచ్చు. మనసులో మాట దాచకుండా చెబితే తొట్టి నేల మీంచి లేస్తుంది. ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తున పక్క స్తంభం మీద సుద్దతో గీత గీసి, పేరు రాస్తారు. అన్నిటికంటే పై గీత, పంతొమ్మిది వందల యాభై రెండులో చాకలి గెర్ట్రూడ్ అవ్వది. ముప్పై మూడు నుంచి నలభై ఐదు దాకా ఒక్క గీతా లేదు. నాజీలు ఏలిన ఆ పన్నెండేళ్ళూ తొట్టి నేలకి కరుచుకుపోయిందట.

సభ పెద్ద, మాంసం కొట్టు లుడ్గర్, రోజ్‌విత పద్యాలు రాసిచ్చిన కాగితం చదివి చెమట తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, మేయర్‌ని తిట్టు, మంత్రుల్ని తిట్టు, నా పొట్టని తిట్టు. చర్చి జోలికి మాత్రం పోకు. ఫాదర్‌గారు ముందు వరసలో కూర్చుంటారు."

"మరీ మంచిది బాబాయ్. బాగా వినపడుతుంది."

"నవ్వులాట కాదు. చర్చి మాట ఎత్తితే బ్యాండు వాయించేస్తా, నీ గొంతు మునిగిపోద్ది."

ఆదివారం మధ్యాహ్నం. వేడి వేడి జామ్ బూరెల వాసన మధ్య హాలు జనంతో కిటకిటలాడుతోంది. రోజ్‌విత తొట్టిలోకి ఎక్కింది. మేయర్ మీద రెండు పద్యాలు చెప్పింది. జనం నవ్వారు గానీ తొట్టి కదల్లేదు. వెనక వరసలో టీచరమ్మ తల వద్దన్నట్టు ఊపుతోంది. రోజ్‌విత కళ్ళు మూసుకుంది.

"జీతం మన పన్నులదండీ, పెత్తనం ఫాదర్‌గారిదండీ!
ప్రేమించిన పాపానికి మన టీచరమ్మ వీధిన పడిందండీ!"

లుడ్గర్ బ్యాండు వైపు చెయ్యి లేపాడు. ట్రంపెట్ వాళ్ళు వాయించలేదు. చిన్నప్పుడు వాళ్ళందరికీ ముక్కు తుడిచింది ఆ టీచరమ్మే.

"నేనూ కొవ్వొత్తి వెలిగించేదాన్నే, దేవుడంటే నాకూ ప్రేమే! క్షమించమని మాకు చెబుతారు మీరు,
ఆ క్షమని మీ ఇంట్లో ఎక్కడ దాచారో చూపించరూ?"

తొట్టి లేచింది. జానెడు, మూరెడు, ఇంకా పైకి. గెర్ట్రూడ్ అవ్వ గీత దాటేసరికి "హెలావ్!" అని హాలంతా ఒక్క గొంతై కార్నివాల్ కేక పెట్టింది. సముద్రం లేచి నిలబడ్డట్టుంది రోజ్‌వితకి.

తిట్లు తిన్నవాళ్ళు అదే తొట్టిలోంచి జవాబు చెప్పొచ్చు. ఫాదర్ కిలియన్ పాలిపోయిన మొహంతో లేచి, ఆమె ఆఖరి పద్యం మనసులోనే దాచుకుని తొట్టిని దింపగానే అందులోకి ఎక్కాడు.

"నియమాలు నేను పెట్టినవి కాదు," అని మొదలుపెట్టాడు. తొట్టి కింద చెక్కలు కిర్రుమన్నాయి.

"లేవట్లేదు ఫాదర్‌గారూ!" ఎవరో అరిచారు.

ఆయన సంతకం పెట్టిన చెయ్యి ఎత్తి చూపించాడు. "ఆ సంతకం నాది. మనసు మాత్రం నాది కాదు. ఆ ఉత్తరం తప్పని నాకు ఆరోజే తెలుసు. బిషప్‌గారికి ఎదురు చెప్పడానికి భయపడ్డాను. రేపే రాస్తాను, ఈ బడిని ఊరివాళ్ళకే ఇచ్చేయమని. ఆయన నియమం తప్పని కూడా రాస్తాను."

తొట్టి ఒక్క ఊపున లేచింది. ఆయన తల పైకప్పు దూలానికి టంగున కొట్టుకుంది.

"దింపండయ్యా!"

"ఏదైనా ఒక మాట దాచుకోండి, అదే దిగుద్ది!" అన్నాడు లుడ్గర్, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతూ.

"దాచుకోడానికి ఏమీ మిగల్లేదే!"

చివరికి నిచ్చెన తెచ్చి దింపారు. స్తంభం మీద రెండు గీతల్నీ లుడ్గరే గీశాడు.

ఈస్టర్‌కి మూడు రోజుల ముందు చర్చి నుంచి టీచరమ్మకి ఇంకో కవరు వచ్చింది. అది చేతిలో గోరువెచ్చగా ఉంది. బడి ఊరిదైంది. టీచరమ్మ బడిలోనే ఉండిపోయింది.

సెలవులయ్యాక ఆమె పిల్లల్ని హాలు చూపించడానికి తీసుకొచ్చింది. అటుగా వెళ్తున్న రోజ్‌విత సైకిలాపి లోపలికి తొంగి చూసింది. ఒక చిట్టి పిల్ల మెడ వెనక్కి వాల్చి స్తంభం మీద రోజ్‌విత పేరున్న గీతని చూస్తోంది.

"అంత ఎత్తుకి ఎలా ఎక్కావక్కా?"

"ఎక్కలేదే, మాట్లాడానంతే."