ఉంది

"పక్కింటివాళ్ళు ఇంక వాళ్ళ టీవీ అమ్మేసుకోవచ్చమ్మా. వార్తలన్నీ మనింట్లోంచే వింటున్నారు" అంటూ కూతురు రిమోట్ లాక్కుంది.

మంచం దిగినప్పుడు మొదలైన గొడవ డబ్బా సర్దుకునే దాకా సాగుతూనే ఉంది. భర్త పేపరు చాటునుంచి నవ్వాడు.

"నిన్న గొళ్ళెం పెట్టవే అంటే పళ్ళెం పెట్టింది మీ అమ్మ. పెట్టింది కదా అని నేనూ కూచుని తినేశాను."

"గోడవతల పిల్లి నడిచినా నాకు తెలుస్తుంది, ఈ వయసులో" అంది అత్తగారు. "నీకేం వచ్చిందే అమ్మాయ్? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో."

"నా చెవులే కదా నాకింత అన్నం పెడుతున్నాయి. వాటికేం కాలేదు" అని ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కింది. ఆ మూత మోగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది. ఆమెకు అరచేతిలో తెలిసింది, అంతే.

నడివయసు దాటిన మనిషి. సన్నటి చేతులు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. జంతువుల ఆసుపత్రిలో నేల తుడవడానికి చేరి, ఏళ్ళు గడిచే కొద్దీ ఆపరేషన్ బల్ల పక్కకు జరిగింది. డాక్టరమ్మ కత్తి పట్టుకుంటే ఊపిరక్క ప్రాణం పట్టుకుంటుందని అక్కడ ఒక మాట. ఊపిరక్క అంటే ఆమే. ఆ పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

కుక్కలకూ పిల్లులకూ యంత్రం ఉంది. వాటి గుండె సంగతి తెరమీద గీతే చెప్పేస్తుంది. కుందేళ్ళు, చిలకలు వంటి చిన్న ప్రాణాల దగ్గరే ఆ యంత్రం తడబడుతుంది. తగిలించిన క్లిప్పు జారిపోతే బతికున్నదాన్ని చచ్చిందంటుంది. అప్పుడు ఆమె స్టెతస్కోపు బిళ్ళను గుప్పిట్లో వెచ్చబెట్టి, ఆ బుల్లి గుండె మీద ఆనించి, ఆగి ఆగి "ఉంది" అంటుంది. ఆ ఒక్క మాట వినబడుతున్నంతసేపూ డాక్టరమ్మ తలెత్తదు.

ఆ ఉదయం బుట్టలో బూడిదరంగు కుందేలును పెట్టుకుని కుట్టుపనావిడ వచ్చింది. దాని వెనకపళ్ళు పెరిగి నాలుకను కోస్తున్నాయి. మత్తిచ్చి అరగదీయాలి.

"పస్తు పెట్టానమ్మా, మీరు చెప్పినట్టే" అంది కుట్టుపనావిడ.

"నేనా?"

"నిన్న ఫోన్లో అడిగానుగా, రాత్రికి గడ్డి పెట్టొద్దా అని. ఆఁ, ఆఁ అన్నారు మీరు."

పెట్టొద్దా. ఆమె విన్నది పెట్టొచ్చా అని.

పరగడుపున తీసుకురమ్మనేది కుక్కలకూ పిల్లులకూ. మత్తులో కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. కుందేలుకు కక్కడమే చేతకాదు. దాని కడుపు తిరగలిలా ఆడుతూనే ఉండాలి, ఆగిందంటే పేగులు నిలిచిపోతాయి. ఎంతమందికి చెప్పి ఉంటుందో ఈ సంగతి!

లోపలికి వెళ్ళి, "రాత్రంతా తినలేదట" అంది.

ఆ చివరి 'ట'తో తప్పు కుట్టుపనావిడ మీదికి పోయింది. పోతుందని తెలిసే అంది.

"ఎన్నిసార్లు చెప్పినా ఇంతే వీళ్ళు" అని డాక్టరమ్మ విసుక్కుంది. "వాయిదా వేస్తే ఆ పళ్ళతో అసలు తినలేకపోతుంది. మేత మెత్తగా కలిపి సిరంజితో పట్టించక్కా. కడుపు కదిలితే మధ్యాహ్నం చూద్దాం."

కుందేలును ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెంగా పట్టించింది. అది మింగుతుంటే గొంతు మీద వేలు ఆనించి చూసుకుంది. ఎండ కిటికీ దాటేవేళకు తువ్వాలు మీద చిన్న ఉండలు పడ్డాయి. ఎవరి ఎంగిలైనా, పెంటైనా ఎత్తిపోసే ఉద్యోగమే అయినా, ఆ ఉండల్ని చూసినంత సంబరంగా ఆమె ఏనాడూ దేన్నీ చూడలేదు.

బల్ల మీద పడుకోబెట్టి, సూది వేసి, ముక్కుకు మత్తుగాలి గొట్టం పెట్టారు. డాక్టరమ్మ దాని నోరు తెరిచి, పళ్ళు అరగదీసే ఆకురాయి లోపల పెట్టింది.

"ఉంది" అంది ఆమె.

కొన్ని నెలలుగా ఆమెకు ఒక దొంగదారి ఉంది. బిళ్ళ కిందికి చిటికెనవేలు దూర్చి, చెవికి అందనిది వేలితో పట్టుకునేది. ఇవాళ డాక్టరమ్మ, "ఆ చేత్తో దవడ పట్టుకో అక్కా, కదులుతోంది" అంది. వేలు దవడకు పోయింది. మిగిలింది చెవి ఒక్కటే.

చెవిలో ఎండిపోయిన బావి.

"ఉంది" అంది. నోరు అంది. చెవి అనలేదు.

యంత్రం కూస్తోంది. క్లిప్పు జారి ఉంటుందని డాక్టరమ్మ పట్టించుకోలేదు. ఆకురాయి కిర్రుమంటోంది కాబోలు, ఆ వణుకు దవడలోంచి ఆమె వేళ్ళకు తెలుస్తోంది. ఆమె తల వంచింది. కుందేలు పెదవి ఇందాక గులాబీరంగులో ఉంది. ఇప్పుడు దాని బొచ్చు రంగులోకి తిరిగింది.

మళ్ళీ "ఉంది" అనాల్సిన వేళయింది.

"లేదు!" అంది ఆమె.

ఆ గదిలో ఎప్పుడూ వినబడని మాట. డాక్టరమ్మ చెయ్యి గాల్లో ఆగింది. మత్తు కట్టేసింది, ఆక్సిజన్ పెంచింది. ఆమె కుందేలు మెడను సాపుచేసి, నాలుకను ముందుకు లాగి పట్టుకుంది. డాక్టరమ్మ ఆమె మెడలోని స్టెతస్కోపు లాక్కుని చెవులకు పెట్టుకుంది.

"గుండె ఉందక్కా! ఊపిరే ఆగింది."

పక్కటెముకల మీద డాక్టరమ్మ రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి వదిలింది, నొక్కి వదిలింది. ఎంతసేపటికో ఆ చిన్న ఎద తనంతట తాను ఎక్కిళ్ళు పెట్టినట్టు లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

గుండె ఉందిట. తన చెవులకే లేదు.

పని ముగించి బయటికొచ్చి డాక్టరమ్మ, "మా ఊపిరక్క చెవులే బతికించాయమ్మా దీన్ని" అంది. కుట్టుపనావిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు.

ఊరుకుంటే సరిపోయేది.

"చెవులు కావు" అంది ఆమె. "పెదవి రంగు చూసి చెప్పాను. నిన్న ఫోన్లో పెట్టొద్దా అని మీరడిగింది నాకు పెట్టొచ్చా అని వినబడింది. పస్తు తప్పు నాది, మీది కాదు." డాక్టరమ్మ వైపు తిరిగింది. "లోపల ఆఖరిసారి ఉంది అన్నప్పుడు నాకేం వినబడలేదమ్మా."

డాక్టరమ్మ ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడి, "ఎన్నాళ్ళుగా అక్కా?" అంది. ఆ గొంతులో కోపం ఉందో లేదో ఆమెకు తెలియలేదు. పెదవులు మాత్రం చూసింది.

"అది తినేదాకా ఉంటాను" అంది ఆమె. "తర్వాత వెళ్తాను."

మత్తు ఎక్కించడం ఒక ఎత్తు, దించడం ఒక ఎత్తు. చాలా ప్రాణాలు బల్ల మీద పోవు, లేచాయనుకున్నాక పోతాయి. వేడినీళ్ళ సీసాలకు తువ్వాలు చుట్టి కుందేలుకు రెండువైపులా పెట్టి, బుట్ట పక్కన నేలమీద కూర్చుంది. కుట్టుపనావిడ ఆమె పక్కనే కూర్చుంది. పొద్దు వాలుతుండగా కుందేలు ముక్కు కదిలింది. ఒక గడ్డిపోచ కొసను పట్టుకుని, మర్చిపోయి, గుర్తొచ్చినట్టు నమిలింది.

ఆమె లేచి, బల్ల మీది స్టెతస్కోపును తీసి మేకుకు తగిలించింది.

రాత్రి అన్నాల దగ్గర టీవీ గొంతు తగ్గించి ఉంది. బొమ్మలు మూగగా పెదవులాడిస్తున్నాయి. ఆమె అందరికీ వడ్డించి, తన కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ అంది.

"రేపటినుంచి నేను మత్తు దగ్గర నిలబడను."

గోడవతల పిల్లినడక వినే అత్తగారు, "ఏమన్నావే అమ్మాయ్?" అంది.

"ఆ పని మానేశానత్తయ్యా. తుడవడానికైతే చెవులక్కర్లేదు, అది చేస్తాను. రేపు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన చెప్పేది వినడానికి ఎవరైనా నాతో రండి."

ఎవరూ నవ్వలేదు. భర్త నోటిదాకా తెచ్చిన ముద్దను కంచంలో పెట్టేసి, "నేనొస్తాను" అని, ఆమె తనవైపు చూసేదాకా ఆగి మళ్ళీ అన్నాడు. కూతురు రిమోట్ ను మెల్లగా ఆమె కంచం పక్కకు జరిపింది.

తాళం పెట్టిన ఆపరేషన్ గదిలో మేకుకు స్టెతస్కోపు వేలాడుతోంది. దాని గొట్టం ఆమె మెడ వంపునే ఇంకా పట్టుకుని ఉంది. ఇన్నేళ్ళూ ఆమె గుప్పిట్లో వెచ్చబడిన ఆ బిళ్ళ ఈపాటికి చల్లబడి ఉంటుంది.